నేరుగా పోవాలా, ఊళ్లోకి పోవాలా

నా కాపురం పుంగనూరులో, ఉద్యోగం మదనపల్లెలో. ఆరేళ్లుగా ప్రతి పొద్దూ బస్సులోనే మొదలవుతుంది. హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఎన్నికలు, ఓటు, మెజారిటీ, ఇవన్నీ ఎనిమిదో తరగతి పిల్లలకు ఏటా చెప్పే పాఠాలే. ఎన్నికల డ్యూటీలు కూడా చేశాను. వేలి మీద సిరా చుక్క పెట్టడం దగ్గర్నుంచి పెట్టెలకు సీలు వేయడం దాకా అన్నీ తెలుసు. మెజారిటీ గురించి నాకు తెలియనిది ఏమీ లేదనే నమ్మకంతో బతుకుతున్న రోజుల్లో మా బస్సులో ఒక ఓటింగు జరిగింది. జరిపింది నేనే.

అప్పట్లో మా బస్సు పుంగనూరులో ఏడూ నలభైకి బయలుదేరేది. దారిలో ఒక మలుపు దగ్గర మెయిన్ రోడ్డు వదిలిపెట్టి, రెండు కిలోమీటర్లు లోపలికి ఒక చిన్న ఊరికి పోయేది. ఆ ఊరి పాలకేంద్రం ముందు వెనక్కి తిప్పుకుని మళ్లీ రోడ్డెక్కేది. దారంతా గుంతలు. గొర్రెల మంద ఎదురైతే బస్సు నిలబడిపోవాల్సిందే. పోయి రావడానికి పదిహేను నిమిషాలు పట్టేది. ఇంతా చేసి ఆ ఊళ్లో ఎక్కేది ముగ్గురు. ఒకామె కనకాంబరాల మాలలు కట్టి బుట్టలో పెట్టుకుని మదనపల్లెలో అమ్మడానికి వచ్చేది. రెండో ఆయన టమాటా యార్డులో క్రేట్లు మోసే మనిషి. మూడోది డిగ్రీ చదివే అమ్మాయి.

మాకు బడిలో హాజరు ఫోన్లో వేసుకోవాలి. తొమ్మిది గంటల్లోపల బడి ఆవరణలో నిలబడి మొహం చూపించాలి. ఒక్క నిమిషం దాటినా ఆ యాప్‌కు జాలి లేదు. ఒక నెలలో మూడుసార్లు ఆలస్యమై నాకు సగం రోజు సెలవు పోయింది. ఆ మంట మీద బస్సులో పైకే అనేశాను: "ఆ ఊళ్లోకి పోకుంటే హాయిగా టయానికి చేరతాం."

వెనక వరస సీటులో పట్టుగూళ్ల వ్యాపారం చేసే ఆయన ఉంటాడు. రోజూ అదే సీటు. మంచి గొంతు. మార్కెట్లో వేలంపాటలు పాడీ పాడీ అలవాటైన గొంతు కాబట్టి బస్సు మొదటి సీటు దాకా వినబడుతుంది.

"బాగా చెప్పినావు మేడమ్! ముగ్గురి కోసం అరవై మందిమి దినామూ ఆ గుంతల్లో పడి లెయ్యాల్నా? ఇదేం న్యాయం? మనది ప్రజాస్వామ్యమేనా కాదా?"

మా కండక్టరు నలభై ఏళ్ల మనిషి, చీర మీద ఖాకీ చొక్కా వేసుకుంటుంది. ఆమె టికెట్ల మిషన్ నొక్కుతూనే జవాబు చెప్పింది. "డిపోలో సారును నేను ఎప్పుడో అడిగినానన్నా. ప్యాసింజర్లంతా ఒక మాట మీదుండి అర్జీ ఇస్తే సూస్తానన్నాడు. మీరు ఒక మాట మీదుండేది ఎప్పుడు?"

"ఓటు పెడదాం," అన్నాడాయన. "సోషల్ టీచరమ్మ ఈడే ఉండాది. ఆమె జరిపిస్తాది."

అరవై మంది నా వైపు తిరిగి చూశారు. నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

ఆయనకు అప్పుడే, ఆ నిమిషమే జరిపించాలని తొందర. మలుపు ఇంకా రాలేదు. కండక్టరు గట్టిగా నవ్వింది. "వాళ్లు ముగ్గురూ ఎక్కకముందే వాళ్ల మీద ఓటా? మంచి ఎలక్షనే."

సరేనని ఓటింగు ఆ ముగ్గురూ ఎక్కాకే పెడదామని తీర్పు చెప్పాను. ఓటర్లందరూ హాజరుగా ఉండాలి, విషయం అందరికీ వినబడాలి, రెండు వైపులా మాట్లాడే అవకాశం ఉండాలి. పాఠంలో ఉన్నదంతా పాటించాను. బస్సు ఊళ్లోకి పోయింది. ముగ్గురూ ఎక్కారు. ఆడవాళ్లకు బస్సు ఉచితం అయినప్పటి నుంచి ఆ వేళకు సీట్లన్నీ నిండిపోయి ఉంటాయి. పూలామె బుట్టను కాళ్ల దగ్గర పెట్టుకుని పైన కమ్మీ పట్టుకుని నిలబడింది. నేను సీట్లోంచి లేచి సంగతంతా వివరించాను. మీరేమైనా చెప్పుకుంటారా అని ఆమెను అడిగాను.

"చెప్పేదేముందమ్మా, మా ఊరికి ఇదొక్కటే బస్సు," అంది.

"సరే. నేరుగా పోవాలనేవాళ్లు చేతులెత్తండి."

చేతులు లేచాయి. బస్సు ఊగుతుంటే నేను సీటు పట్టుకుని ముందు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయాను. యాభై అయిదు. వెనక నుంచి చప్పట్లు వినిపించాయి.

"ఇప్పుడు, ఊళ్లోకి పోవాలనేవాళ్లు."

మళ్లీ లెక్కపెట్టాను. పద్నాలుగు. నేను అనుకున్నదానికన్నా ఎక్కువే. తక్కువ పక్షానికి కూడా ఇంత బలం ఉంది, ఎంత చక్కని ఎన్నిక అని నా మనసులో అనుకుంటున్నాను. కండక్టరు మిషన్ వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ మిషన్ వైపు చూసింది.

"మేడమ్, యాభై అయిదూ పద్నాలుగూ ఎంత?"

"అరవై తొమ్మిది."

"నా మిషన్లో ఆడోళ్ల సున్నా టికెట్లతో కలిపి అరవై ఒకటి. మిగిలిన ఎనిమిది మంది యాడ ఎక్కినారు?"

పూలామె నెమ్మదిగా అంది: "అమ్మా, నేను కమ్మీ పట్టుకోనుంటే నా చెయ్యి కూడా లెక్కేసినావు. రెండుసార్లూ."

పైకి చూశాను. నిలబడ్డవాళ్లందరి చేతులూ పైనే ఉన్నాయి. మొదటి లెక్కలోనూ ఉన్నాయి, రెండో లెక్కలోనూ ఉన్నాయి. ఆ ఊరి బస్సు ఆ ఊరికి పోకూడదని ఆ ఊరి మనుషులు ముగ్గురి చేతా ఓటు వేయించాను నేను. నవ్వు డ్రైవరు దగ్గర మొదలై వెనక్కి పాకింది. ఆయన ఎప్పుడూ మాట్లాడని మనిషి. భుజాలు ఊగిపోతుంటే స్టీరింగు గట్టిగా పట్టుకుని నవ్వాడు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బడికి పోయి, తేలికగా ఉంటుందని ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ సంగతి చెప్పాను. గంటకొట్టేదాకా నవ్వారు. తరవాత వాళ్లే ఉపాయం చెప్పారు. చదువు రానివాళ్లు కూడా ఉంటారు కాబట్టి కాగితాలు వద్దు, గింజలు పెట్టండన్నారు. ఒక్కొక్కరికీ ఒక శనక్కాయ, ఒక చింతగింజ ఇవ్వాలి. శనక్కాయ వేస్తే నేరుగా, చింతగింజ వేస్తే ఊళ్లోకి. పిడికిలి మూసి సంచిలో చెయ్యి పెట్టి వేయాలి. ఎవరు ఏది వేశారో పక్కవాళ్లకు కూడా తెలియదు.

మరుసటి వారంలో ఒక రోజు ఆ విధంగానే జరిపించాను. గుడ్డ సంచి పట్టుకుని కండక్టరు ముందు నుంచి వెనక్కి నడిచింది. ఆ రోజు బస్సులో యాభై ఎనిమిది మందిమి. మదనపల్లె దగ్గరపడుతుండగా సంచిని నా ఒళ్లో బోర్లించి, నా పక్కన కూర్చునే అంగన్వాడీ టీచరూ నేనూ కలిసి లెక్కపెట్టాం. శనక్కాయలు ఇరవై తొమ్మిది. చింతగింజలు ఇరవై అయిదు.

"యాభై నాలుగే," అంది కండక్టరు. "ఈసారి తక్కువొచ్చినాయి."

ఒక పెద్దాయన మెల్లిగా చెయ్యెత్తాడు. "నేను తినేస్తినమ్మా. మాట్లాడతా మాట్లాడతా ఒలిచి నోట్లో ఏసుకున్నా. ఓటని గుర్తు లేదు."

ఇంకో ముగ్గురు కూడా ఒప్పుకున్నారు. వెనక సీటు వ్యాపారి వదల్లేదు. "శనక్కాయ తిన్నారంటే శనక్కాయ పార్టీ వాళ్లే కదా! అది కూడా మాకే పడినట్టు!"

"లేదు లేదు," అంది డిగ్రీ అమ్మాయి. "మిమ్మల్ని మింగేసినారు. అంటే మాకే."

చర్చ బస్టాండు దగ్గరపడేదాకా సాగింది. చివరికి వేసిన ఓట్లే ఓట్లని, నేరుగా పోవాలనే పక్షం నాలుగు ఓట్లతో గెలిచిందని ప్రకటించాను. నేను వేసింది శనక్కాయే. దాచిపెట్టుకోవడం ఎందుకు, ఆ యాప్ భయం నాకుంది.

నన్ను పట్టుకుని వదలనిది ఆ ఇరవై అయిదు. చేతులెత్తినప్పుడు నిలబడ్డవాళ్లను తీసేస్తే, ఊళ్లోకి పోవాలన్న చేతులు నిజంగా ఆరే. వాటికి ఆ ఊరివాళ్ల మూడు కలిపితే తొమ్మిది. సంచిలో చూస్తే ఇరవై అయిదు. మిగతా పదహారు మంది ఎక్కడి నుంచి వచ్చారు? నా పక్కనున్న అంగన్వాడీ టీచరును అడిగాను.

"నేను చింతగింజ ఏసినా," అంది గొంతు తగ్గించి.

"మరి ఆ రోజు చెయ్యెత్తావే?"

"అందరూ ఎత్తినారు కదా మేడమ్. నువ్వు కూడా నన్నే సూస్తా ఉంటివి."

అంటే మొదటి రోజు నా కళ్లముందు లేచిన ఆ చేతుల అడవిలో కొన్ని కమ్మీని పట్టుకున్నాయి, కొన్ని పక్కవాళ్లను పట్టుకున్నాయి. బస్సు మొత్తం ఒక మాట మీద ఉందని చూసినవాళ్లెవరైనా అనుకుంటారు. నేనూ అనుకున్నాను. మనుషులు వాళ్లే, అడిగిన ప్రశ్న కూడా అదే. అడిగిన తీరు మారితే జవాబు మారిపోయింది. ఇన్నేళ్లు పాఠం చెప్పినా మెజారిటీ అంటే తూకంలో పెట్టిన బియ్యంలాగా ఎవరు తూచినా ఒకటే బరువు ఉంటుందనుకున్నాను.

ఫలితం విని పూలామె గొడవ పడలేదు. బుట్ట ఎత్తుకుంటూ అంది. "గెలిచినారు, సరే. రేపట్నించి మలుపు దాకా నడిచొస్తాం. నాదొక మాట టీచరమ్మా. ఇంకో ఓటు కూడా పెట్టు."

"దేనికి?"

"వెనక వరస సీటులో ఆరుగురుండారు. మిగతావాళ్లం యాభై మందికి పైనే ఉండాం. వాళ్లను దింపేస్తే మాకు గాలి బాగా ఆడతాది. దింపాల్నా వద్దా అని ఓటు పెట్టు."

కండక్టరు ఆ అవకాశం వదులుకుంటుందా? "దింపాలనేవాళ్లు చేతులెత్తండి!" అని అరిచేసింది. బస్సు బస్టాండులోకి తిరుగుతోంది. నవ్వుతూ కేకలేస్తూ యాభై చేతులు లేచాయి. ఈసారి లెక్కలో అనుమానమే లేదు. కొందరు రెండు చేతులూ ఎత్తారు.

"మెజారిటీ! దిగన్నా!"

పట్టుగూళ్ల వ్యాపారి లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. "దిగుతా తల్లీ, ఎట్లా బస్టాండు వచ్చేసె!" ఆయన కూడా నవ్వాడు. కానీ దిగి నాతో పాటు నాలుగడుగులు నడుస్తూ అన్న మాట నాకు గుర్తుంది. "ఆమె తమాషాకే అనె మేడమ్. ఆ చేతులన్నీ ఒకేసారి లేస్తానే నిజంగానే దింపేస్తారేమో అనిపించె."

ఆ ఆదివారం కుప్పం పోయాను. మా అక్క అక్కడ రైల్వేస్టేషన్ దగ్గర టిఫిన్ సెంటర్ నడుపుతుంది. అక్క హోటల్లో ఒక బల్ల మీద తెలుగు, ఇంకో బల్ల మీద అరవం, గల్లా దగ్గర కన్నడం వినబడతాయి. అక్క మూడింట్లోనూ ఒకే వేగంతో అరుస్తుంది. డిపోకు ఇవ్వాల్సిన అర్జీ నా చేతిసంచిలో ఉంది. సగం రాసి ఆపేశాను. ఇడ్లీ తింటూ అక్కకు కథంతా చెప్పాను.

అక్క మధ్యలో నాలుగుసార్లు సాంబారు బకెట్ తీసుకుని పోయి వచ్చింది. విని, "ఏమ్మే, మా హోటల్లో ఎవురు ఎక్కువ ఏం తింటారో తెల్సునా నీకు?" అంది.

"ఇడ్లీ."

"పది మందిలో ఎనిమిది మంది ఇడ్లీనే. అట్లని దోసె పెనం తీసి బయట పడేస్తినా? దోసె తినేవాళ్లు కూడా ఆకలికే వస్తాండారు కదా. ఇడ్లీవాళ్లకు ఇడ్లీ లేకుండా పోలేదు కదా."

"ఇది బస్సు అక్కా. రెండు దార్లలో ఒకేసారి పోలేదు."

"అదీ నిజమే," అని అక్క ఒప్పుకుంది. కాసేపు దోసె తిప్పి మళ్లీ వచ్చింది. "నువ్వు ఓటు పెట్టింది దేని గురించి? మీరు టయానికి పోవాలనే దాని గురించా, వాళ్లకు బస్సు లేకుండా చెయ్యాలనే దాని గురించా?"

"టైము గురించే."

"మరి ఆ మాటే అడగలేదే నువ్వు."

నేను జవాబు చెప్పేలోపల అరవంలో ఎవరో చట్నీ అడిగారు, అక్క పోయింది. ఆ మాట నాకు గుచ్చుకుంది. అయినా అర్జీ పూర్తి చేశాను. ఓటు జరిపించింది నేను, గెలిచిందని ప్రకటించింది నేను. నాకు నచ్చని ఫలితం వస్తే ఒక తీరు, నచ్చిన ఫలితం మీద అనుమానం వస్తే ఇంకో తీరు ఉండకూడదు కదా. రెండు వారాలు పరీక్షగా నడిపి చూస్తామని డిపోవాళ్లు ఒప్పుకున్నారు.

మొదటి రోజు బస్సు మలుపు దాటి ఆగింది. ముగ్గురూ రోడ్డు మీద నిలబడి ఉన్నారు. రెండు కిలోమీటర్లు బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చింది పూలామె. చీర అంచు మంచుకు తడిసింది. ఎక్కగానే బస్సంతా ఒకసారి చూసి, చెంగుతో మెడ తుడుచుకుని, చాలా మామూలుగా అడిగింది.

"గెలిచినోళ్లంతా బాగుండారా?"

ముందు సీటులోని ఒకాయన లేచి ఆమెకు సీటిచ్చాడు. డిగ్రీ అమ్మాయికి అంగన్వాడీ టీచరు జరిగి చోటిచ్చింది. క్రేట్లు మోసే ఆయనను వెనక సీటు వ్యాపారి కేక వేసి పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బస్సు మదనపల్లెకు పదిహేను నిమిషాలు ముందే చేరింది. నేను తొమ్మిదికి చాలా ముందే బడి మెట్ల మీద నిలబడి ఫోనుకు మొహం చూపించాను. యాప్ పచ్చగా వెలిగింది. నిజం చెప్పాలంటే సంతోషమే కలిగింది. మనకు లాభం కలిగిందన్న సంగతిని కూడా ఒప్పుకోవాలి.

ప్రతి పొద్దూ అదే పలకరింపు. "గెలిచినోళ్లంతా బాగుండారా?" అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు ఉందో లేదో తెలిసేది కాదు. నాలుగో రోజుకు ఆమె ఎక్కకముందే సీట్లు ఖాళీ అయ్యేవి. రెండు వైపులా ఉన్న గెలిచినోళ్లు లేచి నిలబడేవాళ్లు. డ్రైవరు అద్దంలో చూసి నవ్వుకునేవాడు.

రెండో వారంలో ముసురు పట్టుకుంది. మలుపు దగ్గర ఎవరూ లేరు. డ్రైవరు బస్సు నెమ్మది చేసి, కదిలించబోయాడు.

"ఉండప్పా, ఉండు," అన్నాడు వెనక నుంచి పట్టుగూళ్ల వ్యాపారి. "వానలో నడిచొస్తాండారేమో."

నిలబడ్డాం. అయిదు నిమిషాలయింది. అద్దాల మీద ఆవిరి తుడిచి అందరూ ఆ దారి వైపే చూస్తున్నారు. ఏడు నిమిషాలు. ఎవరో గొడుగుతో వస్తున్నారన్నారు. చూస్తే గొర్రెలు. పది నిమిషాలు దాటాయి. ఆరేళ్లలో నా ఎదుట పది మాటలు కూడా మాట్లాడని డ్రైవరు అప్పుడు వెనక్కి తిరిగాడు.

"ఈడ నిలబడి సూసే టయానికి ఈపాటికి ఊళ్లోకి పోయొచ్చేస్తుంటిమి కదా."

కండక్టరు నా వైపు చూసింది. "ఏం మేడమ్, ఓటు పెడదామా?"

"ఎందుకు, పోనియ్యండి!" అన్నాను. నాతో పాటు ఇంకా చాలా గొంతులు అదే మాట అన్నాయి. డ్రైవరు బస్సు వెనక్కి తీసి లోపలికి తిప్పాడు. గుంతల్లో నీళ్లు ఎగిరిపడ్డాయి. సగం దారిలో ప్లాస్టిక్ సంచులు నెత్తిన కప్పుకుని ముగ్గురూ నడిచి వస్తున్నారు. బస్సును చూసి పూలామె బుట్ట కిందికి దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. ఎక్కిన తరవాత రోజూ అడిగే మాట అడగలేదు. చెంపల మీద వాన నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. తడిసిన మాలలు విప్పి ఆ రోజు బస్సులోని ఆడవాళ్లందరికీ తలా ఇంత పూలు తుంచి ఇచ్చింది. కండక్టరుకు మూర పూలు దక్కాయి.

ఆ వాన రోజే అసలు మాట మొదలైంది. అక్క అడిగిన ప్రశ్నను నేను బస్సులో అడిగాను. మనకు కావలసింది నేరుగా పోవడమా, టైముకు చేరడమా? టైముకు చేరడమే అన్నారు అందరూ. వాళ్లకు కావలసింది ఊళ్లోకి బస్సు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం ఎందుకు వచ్చాయి?

అప్పుడు క్రేట్లు మోసే ఆయన నోరు తెరిచాడు. ఇన్ని రోజుల్లో ఆయన ఏమీ మాట్లాడలేదు. మేమూ అడగలేదు. "పుంగనూరులోనే పదహైదు నిమిషాలు ముందు బయలుదేరితే సరిపోతాది కదప్పా. ఊళ్లోకి పోయొచ్చినా టయానికి చేరతాము."

బస్సంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రెండు నెలలుగా అరుచుకున్నాం, చేతులెత్తాం, శనక్కాయలు తిన్నాం. ఈ మాట ఒక్కరికీ తట్టలేదు. నేను రెండు దారులే పెట్టి ఏదో ఒకటి ఎంచుకోమంటే అందరూ ఆ రెంటి చుట్టే తిరిగారు. ప్రశ్న తయారుచేసినవాళ్ల చేతిలోనే సగం ఫలితం ఉంటుందని నాకు ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు.

ఏడూ ఇరవై అయిదుకు బయలుదేరడం అందరికీ సమ్మతమేనా అని కండక్టరు అడిగింది. వద్దనేవాళ్లను చేతులెత్తమంది, నిలబడ్డవాళ్లను ఒక్క నిమిషం కమ్మీ వదలమంది.

ఒక్క చెయ్యి లేచింది. అది నాదే.

పదిహేను నిమిషాలంటే వాళ్లకు తెలియదు. నా పొద్దులో పదిహేను నిమిషాలంటే ఒక కూర, రెండు క్యారియర్లు, ఒక జడ. మా ఆయన ఎనిమిదికి అంగడి తెరుస్తాడు, ఏడున్నర దాకా నిద్రలేవడు. ఆ సంగతంతా చెప్పుకున్నాను. అందరూ శ్రద్ధగా విన్నారు. విన్న తరవాత కూడా ఎవరి మనసూ మారలేదు. యాభై మందికి పైగా ఒకవైపు, నేను ఒకదాన్ని ఒకవైపు. ఓడిపోయాను.

ఓడిపోవడం ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. కోపం వచ్చింది. కానీ అది కాసేపే ఉంది. నా మాట విన్నారు, నాకు పోయింది పదిహేను నిమిషాల నిద్ర, బస్సు నాకు బస్సులాగే మిగిలింది. రేపు ఎండాకాలంలో మళ్లీ అడగవచ్చు. ఇలాంటి ఓటమికి తల వంచడం నాకు కష్టమనిపించలేదు. పూలామెను మేం ఓడించినప్పుడు ఆమెకు బస్సే పోయింది. నాలుగు ఓట్ల తేడాతో గెలిచిన మాకు ఆ అధికారం ఎక్కడిదని ఇప్పటికీ ఆలోచిస్తాను. ఆ నాలుగు నలభై అయి ఉంటే ఉండేదా? ఉండేది కాదనే ఇప్పుడు నా నమ్మకం. అంత గట్టిగా పాఠంలో చెప్పను. పిల్లలనే తేల్చుకోమంటాను. వాళ్లు ఏటా కొట్టుకుంటారు.

డిపోవాళ్లు కొత్త టైముకు ఒప్పుకున్నారు. మొదటి వారం మూడు రోజులు నేను జడ వేసుకోకుండానే బస్టాండులోకి పరుగెత్తాను. బస్సు కదలకుండా నిలబడి ఉండేది. ఫుట్‌బోర్డు మీద నిలబడి కండక్టరు చెయ్యి ఊపేది. ఎక్కగానే అంగన్వాడీ టీచరు నన్ను ముందుకు తిప్పి కూర్చోబెట్టి జడ వేసేది. "మా మాట మీద లేస్తాండావు, ఈ మాత్రం చెయ్యకపోతే ఎట్ల?" అనేది. మా ఆయన రెండో నెలలో, నేను అడగకుండానే, లేచి అన్నం క్యారియర్లకు ఎత్తడం మొదలుపెట్టాడు. కూర మాత్రం ఇప్పటికీ నాదే.

ఆ ఊరికి బస్సు పోతుందో పోదో అనే భయం పోయిన తరవాత అక్కడ ఎక్కేవాళ్లు పెరిగారు. ఇద్దరమ్మాయిలు మదనపల్లెలో ఇంటర్లో చేరారు. ఒకామె కుట్టుమిషన్ పనికి వస్తోంది. పాలకేంద్రం పక్కింటి ఆయన కూరగాయలు తెస్తున్నాడు. మొన్న లెక్కపెడితే పదకొండు మంది ఎక్కారు. కాలు పెట్టడానికి చోటు లేదు.

"ఇట్లే పోతే ఈ బస్సులో ఈళ్లే మెజారిటీ అయిపోతారు మేడమ్," అని గొణుక్కుంటూనే పట్టుగూళ్ల వ్యాపారి తన సంచి ఒళ్లోకి తీసుకుని, వెనక వరసలో పక్కకు జరిగాడు. ఇద్దరమ్మాయిలూ అక్కడ సర్దుకుని కూర్చున్నారు.